బిడ్డ మీద పెట్టిన మాట

పత్తి మూట ఎంత బరువున్నా చేను గట్టు దాకే మోస్తాం. అక్కడ దించితే మెడ కాసేపు లాగుతుంది, తర్వాత మరిచిపోతాం. నేను మోస్తున్నది అట్లా దించలేకపోయాను. మా రజిత మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆ బరువు నా నెత్తికెక్కింది. ఇప్పుడు రజిత కూతురు రెండో తరగతి చదువుతోంది.

ఇన్నేళ్లు ఎందుకు రాయలేదని మీరు అడిగితే, నాకు రాయడం రాదని చెప్పవచ్చు. మంచి జవాబు. ఎవరూ మళ్ళీ అడగరు. చాలా ఏళ్లు అది నిజం కూడా. కాని నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లు దాటింది. మహిళా సంఘంలో సంతకం పెడుతున్నాను. మందు డబ్బా మీద పేరు చదువుతున్నాను. పేపరు చేతికొస్తే పొద్దంతా పట్టుకుని చివరి దాకా చదువుతాను. మరి ఈ రెండేళ్లు ఎందుకు రాయలేదు? అంతకుముందైనా నోరుంది కదా, ఎవరికైనా చెప్పుకోవడానికి ఏమడ్డం? నోటికి చదువు అక్కర్లేదు. ఆ రోజు అబద్ధం చెప్పేటప్పుడు నాకు చదువు రాకపోవడం అడ్డం కాలేదు. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను చదువురానిదాన్నని గుర్తొచ్చేది.

ఇంకొకరి చేత రాయించుకుందామని ఒకసారి అనుకున్నాను. కాని రాసేవాళ్లు మంచివాళ్లయితే నా తప్పును కొంచెం తగ్గించి రాస్తారు. నాకు తెలుసు, నేను కూడా వాళ్లను తగ్గించనిస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జనగామలో మా బిడ్డ ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. మనవరాలికి జ్వరమొస్తే చూసుకోవడానికి వచ్చాను. ఇప్పుడు తగ్గింది, బడికి పోయింది. రజిత, అల్లుడు ఆఫీసులకు పోయారు. మధ్యాహ్నం. ఇల్లంతా ఖాళీ.

మా ఊరు టేకుమట్ల దగ్గర. పత్తి, మిరప, వరి పండుతాయి. నేను ఇప్పటికీ కైకిలికి పోతాను. కైకిలి అంటే ఒకరి చేలో రోజు కూలి. ఊహ తెలిసినప్పటి నుంచి అదే పని. మా ఆయన ట్రాక్టరు డ్రైవరు. కోతల కాలంలో ఊరూరు తిరిగేవాడు, ఇంట్లో ఉండేది తక్కువ. మాకు రజిత ఒక్కతే.

రజితను బడిలో వేసినప్పుడు, చదివి ఏం కావాలని వేశానో నాకు తెలియదు. ఏం కావద్దో మాత్రం బాగా తెలుసు. నా లెక్క కావద్దు. ఎండలో వంగొద్దు, మట్టి ముట్టొద్దు. చదువెందుకని అప్పుడు ఎవరడిగినా నేను చెప్పగలిగేది ఆ రెండు ముక్కలే. సంతోషం అనే మాట అందులో లేదు. అది పెద్దయ్యాక, ఉద్యోగం వచ్చాక దానంతట అదే వస్తుందనుకున్నాను.

ఆ ఏడు మా ఊరి బడికి సువార్త టీచర్ వచ్చింది. మహబూబాబాద్ వైపు మనిషి. మా ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. నా వయసే ఉంటుంది. బడి వెనక కంపచెట్లు మొలిచి ఖాళీగా పడి ఉన్న జాగాను పిల్లలతో కలిసి బాగుచేసింది. తాడు పట్టి సాళ్లు కొలిపించింది. జానకో మిరప మొక్క పెట్టించింది. సాలుకెన్ని, ఇన్ని సాళ్లకెన్ని అని ఎక్కాలు అక్కడే చెప్పేది. బెండ, టమాట, పుంటికూర వేశారు. ఆ కూర మధ్యాహ్నం పిల్లల భోజనంలోకే పోయేది. ఏ రోజు ఏ విత్తు మొలిచిందో పిల్లలు పలక మీద రాసుకునేవాళ్లు. మా రజిత రాయడం నేర్చింది అట్లానే. మొదట రాసిన మాట "బెండ" అట. నాకు చూపించింది. నాకు అది ఒక గీత, ఒక చుట్ట, అంతే.

ఇంటికొస్తే కనపడినదల్లా జానతో కొలిచేది. మంచం కొలిచేది. గడప కొలిచేది. పనికి పోయొచ్చి నేను బోర్లా పడుకుంటే నా వీపు కొలిచి, నువ్వు ఇన్ని జానలున్నవమ్మా అని చెప్పేది. ఆదివారం వస్తే వాడిపోయిన మొహంతో కూర్చునేది, బడి లేదని. అట్లాంటి పిల్లను మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను. నా ఇంట్లోనే చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? ఈ బళ్లో చదువు చెప్పడం లేదనుకున్నాను.

అనుకోవడానికి మాకు మా లెక్కలుండేవి. చదువంటే కదలకుండా కూర్చోవాలి. దెబ్బ పడాలి. ఇంటికొచ్చిన పిల్ల మొహం అలిసి ఉండాలి. కష్టం కానిది పని ఎట్లా అవుతుంది? నవ్వుకుంటూ ఇంటికొస్తే పొద్దంతా ఆడుకున్నట్టే గదా. మా వాడకట్టు ఆడవాళ్లందరిదీ ఇదే మాట. టీచరమ్మ మన పిల్లలతో పని చేయిస్తాందని సర్పంచ్ దగ్గరికి పోయినప్పుడు ఆ గుంపులో నేను కూడా ఉన్నాను. అది తప్పని నేను అనను. తెలియక పోయాం. తెలియక చేసిన దాని గురించి అయితే ఇదంతా రాసేదాన్ని కాదు.

ఒకరోజు పత్తి కలుపుకు పోతున్నాం. దారి బడి పక్క నుంచే. పిల్లలు తోటలో ఉన్నారు. రజిత మోకాళ్ల దాకా మట్టిలో దిగి మొక్కలకు పాదులు చేస్తోంది. నన్ను చూసి రెండు చేతులూ ఊపింది. మా గుంపులో ముందు నడిచే సారమ్మది పెద్ద నోరు, మనసులో ఏమీ ఉండదు. నా వైపు తిరిగి అడిగింది.

"ఏందే, నీ బిడ్డ బడికి పోతాందా, కైకిలికి పోతాందా? కైకిలైతే మనతోటే తోలుకరారాదె, మనకు తోడుంటది."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ రోజంతా నా చేతులు కలుపు తీశాయి గాని నేను అక్కడ లేను.

సాయంత్రం రజిత ఇంటికొచ్చింది. ఏదో చెబుతూనే వాకిట్లోకి వచ్చింది. నేను చెప్పనివ్వలేదు. పొయ్యి కోసం పేర్చిన పత్తికట్టె గుట్టలో నుంచి ఒకటి లాగాను. ఎండిన పత్తికట్టెకు కొమ్మలు విరిగిన చోట ముళ్లలాగా ఉంటుంది. ఎన్ని దెబ్బలు కొట్టానో తెలియదు. మట్టి పిసుకుడు నాతోనే పోవాలె అని అరిచినట్టు గుర్తు. పిల్ల పిక్క మీద చర్మం చీలి నెత్తురు వచ్చాక ఆగాను. అప్పుడు చూశాను, ఆమె పిడికిలిలో రెండు బెండకాయలున్నాయి. నా కోసం తెచ్చింది. కొట్టేటప్పుడు కూడా వదల్లేదు.

ఆ రాత్రి కూర వండాను. ఆ రెండు బెండకాయలు వేయలేదు.

ఎందుకంత కోపం వచ్చిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. సారమ్మ మాటకా? సారమ్మ మాటలు రోజూ పడేవే. బిడ్డ బతుకు మీద భయమా? అది కొంత. కాని అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని చూడడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను పుట్టినప్పటి నుంచి ఆ మట్టిలోనే ఉన్నాను. ఒక్కనాడు కూడా ఆ మట్టి నన్ను నవ్వించలేదు. నా బిడ్డ అదే మట్టిలో నిలబడి, చేతులు రెండూ ఊపి, నన్ను చూసి నవ్వింది. నాకు ఓర్వబుద్ధి కాలేదు. తల్లికి బిడ్డ మీద కుళ్లు ఉంటుందా? ఉంటుంది. నాకుంది.

మర్నాడు పొద్దున రజిత కుంటుకుంటూనే బడికి పోయింది. ఆ రోజే, మేం పెట్టుకున్న ఫిర్యాదు మీద ఆఫీసర్ సార్ ఒకాయన విచారణకు వచ్చాడు. తల్లులను బడికి పిలిపించారు. సార్ తోటంతా తిరిగి చూశాడు. పిల్లలను లెక్కలడిగాడు. చెప్పారు. చదివించాడు. చదివారు. మమ్మల్ని అడిగితే మేం తవ్వుతున్నరు, మోస్తున్నరు అని తలా ఒక మాట అన్నాం. ఆయన అన్నీ విని, తోట పెంచడం కూడా చదువేనమ్మా, పిల్లలు ఇష్టంగనే చేస్తున్నరు గదా అని కుర్చీలో నుంచి లేచాడు. అంతటితో అయిపోయేది. అందరం ఇళ్లకు పోయేవాళ్లం.

నేను ముందుకు పోయి పిల్లల వరసలో నుంచి రజితను చేయి పట్టి తీసుకొచ్చాను. ఆమె కాలికి తెల్ల గుడ్డ కట్టి ఉంది. నేను కట్టింది కాదు. పొద్దున టీచరమ్మ కడిగి, మందు రాసి కట్టింది. ఆ సంగతి చూడగానే నాకు అర్థమైంది. అర్థమయ్యే, వంగి ఆ గుడ్డ ముడి విప్పాను.

"ఇష్టంగ చేస్తే ఇదేంది సార్?" అన్నాను.

"ఎవరు కొట్టిండ్రమ్మా?"

"పని చెయ్యనన్నదని టీచరమ్మ కొట్టింది."

ఒక్క మాట కూడా తడబడలేదు. ఇప్పుడు ఇదే మాట రాయడానికి నాకెంతసేపు పట్టిందో మీకు తెలియదు.

సార్ రజిత ముందు కూర్చున్నాడు. "నిజమేనా పాపా? టీచర్ కొట్టిందా? భయపడకు, చెప్పు."

రజిత నా వైపు చూసింది. తర్వాత టీచర్ వైపు చూసింది. దాని చేయి నా చేతిలో ఉంది. నేను ఆ చేతిని గట్టిగా వత్తాను. రజిత తలూపింది.

సార్ లేచి, మీరేమంటరు టీచర్ అని అడిగాడు. టీచరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది.

"పాప ముందర నేనేం అనను సార్," అంది.

తర్వాత దగ్గరికొచ్చి నా చేతిలోని గుడ్డ తీసుకుని, కింద కూర్చుని, రజిత కాలికి మళ్ళీ కట్టింది. మట్టి తగిలితే చీము పడుతుంది, తడి తగలనియ్యకు అని రజితకే చెప్పింది. లేస్తూ నన్ను ఒకసారి చూసింది. ఆ చూపులో కోపముంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఎవరు కొట్టారో ఆమెకు తెలుసు. పొద్దున మందు రాసేటప్పుడు పిల్ల చెప్పే ఉంటుంది. ఆమె నోరు తెరిస్తే, అంతమంది ముందు ఎనిమిదేళ్ల పిల్ల తన తల్లి అబద్ధమాడిందని చెప్పాల్సి వస్తుంది. చెప్పాక ఆ పిల్ల మళ్ళీ ఆ తల్లి ఇంటికే పోవాలి. అందుకే ఊరుకుంది. ఇది నాకు ఆ రోజు తెలియలేదు. భయపడి ఊరుకుందనుకున్నాను. గెలిచాననుకున్నాను.

ఇక్కడి దాకా రాసి లేచి నీళ్లు తాగి వచ్చాను. ఇక్కడితో ఆపేయవచ్చు. ఒక మంచి మనిషి మీద నింద వేశాను, ఆమెను ఊరి నుంచి పంపేశాను అని చెప్పి ముగిస్తే మీరు నమ్ముతారు. ఇదే నా తప్పనుకుంటారు. నేను కూడా చాలా ఏళ్లు దీన్నే ముందు పెట్టుకున్నాను, వెనకున్నది కనపడకుండా.

వెనకున్నది ఇది.

ఆ సాయంత్రం రజిత అన్నం ముందు కూర్చుని తినడం లేదు. టీచర్ పోతదా అమ్మా అని అడిగింది. పోతే పోతది అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది.

"నేను చెప్పినందుకా?"

అప్పుడు నేను ఏమైనా అనవచ్చు. నువ్వు కాదు బిడ్డా, నేను చెప్పిన అనవచ్చు. ఏమీ అనకుండా కూడా ఉండవచ్చు. ఇంట్లో మేమిద్దరమే. వినేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ నేను ఎవరికీ భయపడాల్సిన పని లేదు.

"మరి? నేనేమన్న? నువ్వే గదా తలూపింది," అన్నాను.

రజిత ఇంకేమీ అడగలేదు. అన్నం తిన్నది. మొత్తం తిన్నది. గిన్నె కడిగి బోర్లించింది.

కొన్నాళ్లకు సువార్త టీచర్‌ను గోదావరి ఒడ్డుకు, మహదేవపూర్ అవతల ఎక్కడో ఊరికి వేశారు. వాళ్ల ఇల్లున్న మహబూబాబాద్‌కు అది ఎంత దూరమో నాకు తర్వాత తెలిసింది. ఆమె పెట్టె సర్దుకుని బస్సెక్కే రోజు పిల్లలంతా రోడ్డు మీదికి పోయారు. రజిత పోలేదు. వెతికితే పత్తికట్టె గుట్ట వెనక, గోడకు మొహం పెట్టి నిలబడి ఉంది. లోపలికి రా అన్నాను. వచ్చింది. అప్పటి నుంచి రజిత ఏదన్నా చెయ్యమంటే చేసింది. నేను దాన్ని బుద్ధి అనుకున్నాను.

తోట ఎండింది. కొత్త సార్ వచ్చాడు. బడిలో చప్పుడు లేదు. ఇప్పుడు బడి బడి లెక్కున్నదని మేమంతా అనుకున్నాం. తర్వాత ఎవరన్నా ఆ టీచరమ్మ నిజంగా కొట్టిందా అని అడిగితే, నాకేం తెల్వదు, చదువురానిదాన్ని, సార్ అడిగిండు, పిల్ల చెప్పింది అనేదాన్ని. పిల్ల చెప్పింది. ఊరికి కూడా అదే చెప్పాను.

ఆ తర్వాత రజితను వ్యాన్ వచ్చే ప్రైవేటు బడికి పంపాను. తర్వాత హాస్టల్. మా ఆయనా నేనూ రెక్కలు ముక్కలు చేసుకున్నాం, ఆ గొప్ప చెప్పుకోను, అందరూ చేసేదే. చదువులో రజిత ఎప్పుడూ ముందే ఉండేది. ఏడాదికొకసారి ఇంటికొస్తే మూల కూర్చుని చదువుకునేది. కొలవడం మానేసింది. నా పక్కన పడుకున్నా నన్ను తాకకుండా పడుకునేది. మా బిడ్డ తల ఎత్తదు, పుస్తకమే లోకం అని నేను కలుపు చేలో అందరికీ చెప్పేదాన్ని. సారమ్మ కూడా అవునే, అదృష్టమంటే నీదేనే అనేది.

ఉద్యోగం వచ్చిన రోజు ఫోన్ చేసింది. జనగామలో సర్కారు ఆఫీసులో ఉద్యోగం. నీడన కూర్చునే పని. నేను ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. చెప్పేసి నన్ను అడిగింది.

"ఇగ సాలా అమ్మా?"

సాలు బిడ్డా అన్నాను. ఏడ్చాను కూడా. ఆ రోజు అది సంతోషమనే అనుకున్నాను. "ఇగ సాలా" అని ఎందుకడిగిందో ఫోన్ పెట్టేసిన చాలాసేపటికి గాని నాకు తట్టలేదు. తట్టాక దాన్ని మళ్ళీ తట్టనివ్వలేదు.

ఆ తర్వాత ఒకసారి మహబూబాబాద్‌లో చుట్టాల పెండ్లికి పోయి, తిరిగి వస్తూ స్టేషన్లో కూర్చున్నాను. ఎదురుగా సువార్త టీచర్. జుట్టు నెరిసింది. చూడగానే గుర్తుపట్టాను. కొంగు మొహం మీదికి లాక్కున్నాను. ఆమే లేచి వచ్చింది. రజిత అమ్మవు గదా అంది. బాగున్నారా టీచర్ అన్నాను, నేల చూస్తూ.

"రజిత సంతోషంగ ఉన్నదా?" అని అడిగింది.

"ఉద్యోగమొచ్చింది టీచర్. సర్కారు ఉద్యోగం. పెండ్లి చేసినం. అల్లుడు కూడా ఉద్యోగమే."

ఆమె అంతా విన్నది. మంచిగైంది అంది. తర్వాత మెల్లగా, "నేనడిగింది అది కాదమ్మా," అంది.

అప్పటిదాకా ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్లలో రజితను ఏం తిన్నవని అడిగాను, ఎన్ని మార్కులని అడిగాను, జీతం పెరిగిందా అని అడిగాను. నా బండి వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కిటికీలో నుంచి చూస్తే ఆమె అక్కడే నిలబడి ఉంది. అప్పుడన్నా దిగి ఆమె కాళ్ల మీద పడాల్సింది. బండి కదిలేముందు చాలాసేపు ఆగింది. దిగడానికి వీలుండేది. దిగలేదు.

అక్షరాల సంగతి ఆ తర్వాతది. మా సంఘంలో చదువురాని ఆడవాళ్లందరికీ సాయంత్రాలు నేర్పాలన్నారు. మా వాడలోకి కోడలుగా వచ్చిన మౌనిక నేర్పడానికి ఒప్పుకుంది. నేను ఒద్దన్నాను. ఈ వయసులో నాకెందుకన్నాను. మౌనిక వినలేదు. పోయి కూర్చున్నాం, సారమ్మ, నేను, ఇంకా మా గుంపు వాళ్లే. మౌనిక మొదట ఎవరి పేరు వాళ్లతో రాయించింది. సారమ్మ తన పేరును తిప్పి తిప్పి చూసుకుంది.

"నా పేరు గింతేనానే? గిన్నేండ్లు మోసిన పేరు మూడచ్చరాలేనా? ఇంకో రెండు కలుపవే మౌనికా, నీ సొమ్మేం పోయింది."

నవ్వి నవ్వి మాకు కడుపు నొచ్చింది. మౌనిక పలక పక్కన పెట్టేసి నవ్వింది. ఆ నవ్వులోనే నేను నా పేరు రాశాను. రాశాక చదివాను. ఒక గీత, ఒక చుట్ట అనుకున్నవి నన్ను పిలిచాయి. నాకు అప్పుడు కలిగింది ఏమిటో దానికి పేరు పెట్టలేను. రోజూ పనికి పోయేటప్పుడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. మౌనిక ఊరికి పోయి పాఠం లేని రోజు నాకు తోచేది కాదు, మొహం వాడిపోయేది. ఆ మాట అనుకుంటూనే ఆగిపోయాను. ఈ మొహం నేను ఇదివరకు చూశాను. ఆదివారం నాడు మా వాకిట్లో చూశాను.

ఆ రోజు పాఠం మధ్యలో లేచి ఇంటికొచ్చాను. తలనొప్పి అని చెప్పాను.

ఈ చదువుతో నాకు ఉద్యోగం రాదు. కైకిలి తప్పదు. ఏమీ మారదు. అయినా నేను బతికిన దినాలన్నిట్లో ఆ సాయంత్రాలే మంచివి. మరి చదువెందుకు? నాకు తెలియదు. పెద్ద మాటలు చెప్పేంత చదువు నాకు లేదు. ఉద్యోగం వద్దని కూడా నేను అనను. ఎండలో వంగినవాళ్లెవరూ ఆ మాట అనరు. నా బిడ్డ నీడన ఉంది, అది నిజం, దానికి నేను సిగ్గుపడను. కాని సుఖం తర్వాత వస్తుందిలే అని ఒక పిల్ల చేతిలో ఉన్న సంతోషాన్ని ముందే లాగేసుకుంటే, ఆ తర్వాత అనేది ఎప్పుడో చెప్పాలి కదా. నేను చెప్పలేదు. నాకే తెలియదు.

ఇన్నాళ్లు మూసిపెట్టినదాన్ని ఇప్పుడెందుకు తెరిచానంటే, నిన్నటి సంగతి.

నిన్న సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చింది. మెట్లు ఎక్కుతూనే నవ్వుతోంది. బళ్లో ఎవరో పిల్లవాడి లంచ్ బాక్స్‌లోకి గొంగళిపురుగు వచ్చిందట. అది ఎట్లా నడిచిందో నడిచి చూపిస్తోంది. రజిత అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి ఉంది. పిల్లను కొట్టలేదు. గట్టిగా కూడా అనలేదు. "నవ్వుడు బంద్ చెయ్. ఏం నేర్చుకున్నవో చెప్పు," అంది. పిల్ల ఆగిపోయింది. రజిత లోపలికి పోతుంటే వెనకాలే పోయాను. చిన్నపిల్ల గదా, జర నవ్వనియ్యి బిడ్డా అన్నాను.

రజిత చాలా మామూలుగా, పొయ్యి వెలిగిస్తూ చెప్పింది.

"నవ్వుకుంట పోతే ఎవలకో ఒకలకు చెరుపైతదమ్మా. చిన్నప్పుడు నేను నవ్వుకుంట తిరిగితే ఏమైంది? నా నోటితోటి ఒక మనిషిని ఊరు దాటించిన."

నా నోటితోటి అంది. రజిత నోరు తెరవనే లేదు. చేయి వత్తింది నేను. మాట చెప్పింది నేను. ముడి విప్పింది నేను. ఆ పాపాన్ని ఇన్నేళ్లు నేను మోస్తున్నాననుకున్నాను. మోసింది నా బిడ్డ. ఎనిమిదేళ్లప్పుడు నేను దాని మీద పెడితే, పెట్టింది పెట్టినట్టే మోస్తూ వచ్చింది. చదువులోకి మోసింది, ఉద్యోగంలోకి మోసింది, ఇప్పుడు తన బిడ్డ దాకా తెచ్చింది. నేను మోసింది ఆ మాటను దాచిన బరువు ఒక్కటే.

నిన్ననే చెప్పవచ్చు. పొయ్యి దగ్గర మేమిద్దరమే ఉన్నాం. మళ్ళీ వినేవాళ్లు ఎవరూ లేరు. మళ్ళీ నేను చెప్పలేదు. నోరు తెరిస్తే ఏడుస్తాను, ఏడిస్తే రజిత నన్ను ఓదారుస్తుంది. ఆ ఓదార్పుతో మళ్ళీ తప్పించుకుంటాను. అందుకే రాస్తున్నాను. రాసినది ఏడవదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు ఇవ్వగలిగేది కాదు. సువార్త టీచర్‌ను అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడగాలి. అదొక్కటీ వేరే బాకీ. ఇప్పటికి నేను చెప్పగలిగింది ఇంతే. ఆ పిల్లను కొట్టింది నేను. అబద్ధమాడింది నేను. ఆ అబద్ధాన్ని బిడ్డ మీద పెట్టింది నేను. ఇది రాసి, మళ్ళీ చదువుకుని చూస్తే, ఎక్కడా తగ్గించినట్టు లేదు. మెడ కొంచెం లాగుతోంది.

ఇది నిన్న రాశాను. ఈ పొద్దున జరిగింది కూడా కలుపుతున్నాను.

అల్లుడు ముందే పోయాడు. రజిత పిల్లకు జడ వేసి, బస్సు కోసం కిందికి దింపి పైకి వచ్చింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. నేను ఈ కాగితాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. చేతికిస్తే తను తీసుకుపోయి ఎక్కడో ఒంటరిగా చదువుతుంది, నేను ఆ మొహం చూడకుండా తప్పించుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చింది కాబట్టే ఇవ్వలేదు.

"కూసో రజితా. నేనొకటి చదువుత, విను," అన్నాను.

చదువు వచ్చిన ముచ్చట చూపించుకుంటున్నాననుకుంది. సాయంత్రం చదువమ్మా, నాకు టైమైతాంది అంది. సాయంత్రం దాకా నాకు ధైర్యం ఉండదు బిడ్డా అన్నాను. రజిత నిలబడింది.

చదివాను. నేను చదివేది మెల్లగా. కొన్ని మాటల దగ్గర ఆగి, విడగొట్టి, కలుపుకుని చదవాలి. రజిత ఎక్కడా అందించలేదు. "నువ్వే గదా తలూపింది" అన్న వాక్యాన్ని నోట్లోనే గొణిగాను. వినపడి ఉండదని ఆ వాక్యం మళ్ళీ చదివాను. తల ఎత్తి చూడలేదు. చివరి దాకా చదివాను.

తర్వాత రజిత ఫోన్ తీసి, ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని ఎవరికో చెప్పింది. బ్యాగు తీసి కింద పెట్టింది. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏడవలేదు. నన్ను ముట్టుకోలేదు.

"మల్ల చదువు," అంది. "మొదటి నుంచి."

కాగితాలు వరసగా సర్దుకుని, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.